మూసిన ఇంట్లో మోగిన ఫోను

2007 జూన్‌లో నన్ను పలాస టెలికాం సబ్ డివిజన్‌కు ఇంజనీరుగా వేశారు. పలాస పట్టణంతో పాటు పూండి వంటి చిన్న ఎక్స్ఛేంజీలు, సముద్రతీరాన ఉన్న ఉద్దానం ఊళ్లకు పోయే కేబుళ్లు నా పరిధిలో ఉండేవి. నా కింద జూనియర్ టెలికాం ఆఫీసర్లు, వాళ్ల కింద లైన్‌మన్లు. ఆడ ఇంజనీరు స్తంభాల వెంట ఏం తిరుగుతుందిలే అని ఆఫీసులో ఎవరో అన్నట్టు నా చెవిన పడింది. ఆ మర్నాటి నుంచే జీపు దిగి తిరగడం మొదలుపెట్టాను. నాకు మొండితనం కొంచెం ఎక్కువ.

అప్పటికి మా వైపు బ్రాడ్‌బ్యాండ్ కొత్త. ఇంటి ఫోనుకు వచ్చే రాగి తీగల జత మీదే మాటలూ ఇంటర్నెట్టూ నడిచేవి. రెంటినీ విడదీయడానికి ఇంట్లో స్ప్లిట్టర్ అనే చిన్న డబ్బా పెడతాం. దాని ఒక నోటికి ఫోను, రెండో నోటికి మోడెం తగిలిస్తాం. స్ప్లిట్టర్ లేకుండా లైనుకు నేరుగా ఏ ఫోను తగిలించినా, అది మోగినప్పుడల్లా ఇంటర్నెట్ తెగిపోతుంది. ఎక్స్ఛేంజి నుంచి దూరం పెరిగేకొద్దీ లైను ఎలాగూ బలహీనపడుతుంది. ఉద్దానంలో దానికి ఉప్పుగాలి తోడు. జాయింట్లు ఇట్టే చిలుము పట్టేవి.

ఆ వానాకాలం పూండి అవతల, సముద్రం వైపున్న ఒక ఊరి నుంచి ఒకే ఫిర్యాదు పదే పదే వచ్చింది. నెట్ నెమ్మదిగా ఉంది, మాటిమాటికీ తెగిపోతోంది. లైన్‌మన్ అప్పన్న ఎక్స్ఛేంజిలోనే కూర్చుని పరీక్షించి, లైను బాగానే ఉంది, మోడెం మార్చుకోండి అని చెప్పి ఫిర్యాదు మూసేశాడు. వాళ్లు మార్చుకున్నారు. ఫిర్యాదు మళ్లీ వచ్చింది. ఈసారి ఆ ఇంటి అమ్మాయి ఊళ్లోని ఫోను బూత్ నుంచి నేరుగా నాకే చేసింది.

"నా పేరు జానకండి. మోడెం మార్చినామండి, అయినా అలాగే ఉందండి. మీరొక్కసారి వచ్చి సూడండి మేడమ్. ఇంక నా ఉద్యోగం ఉండదండి," అంది. గొంతులో ఏడుపు లేదు. ఏడవడం అయిపోయిన గొంతులా ఉంది.

ఏం ఉద్యోగమని అడిగితే చెప్పింది. విశాఖపట్నంలోని ఒక కంపెనీకి ఇంటి నుంచి మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేస్తోంది. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి చెప్పిన మాటలు రికార్డయి ఇంటర్నెట్‌లో వస్తాయి. అవి విని, టైపు చేసి, గడువులోగా తిరిగి పంపాలి. తండ్రి కిడ్నీ జబ్బుతో ఈమధ్యే పోయాడు. తల్లికీ అదే జబ్బు బయటపడింది. తల్లి మందులకూ ఆసుపత్రి ప్రయాణాలకూ ఈ ఉద్యోగమే ఆధారం. ఆమెను ఒంటరిగా వదిలి విశాఖ వెళ్లి చేసే వీలు లేదు.

మర్నాడు అప్పన్నను వెంటబెట్టుకుని వెళ్లాను. ఎక్స్ఛేంజి వైపు నుంచి ఇంటి వైపు వెతుక్కుంటూ పోవడం మా పద్ధతి. దారిలో పిల్లర్ దగ్గర, అంటే కేబుళ్లు చీలే ఇనప పెట్టె దగ్గర, పరికరం తగిలించి చూశాం. బాగుంది. వాళ్ల ఇంటి ముందు స్తంభం మీది డబ్బాలో చూశాం. ఆ దూరానికి ఉండాల్సినంత బలం ఉంది. ఇక లోపం స్తంభానికీ మోడెంకీ మధ్యే ఉండాలి.

జానకి, తల్లి పెంకుటింట్లో లేరు. పెరట్లో జీడిపిక్కలు నిలవచేసే పాకలో ఉన్నారు. బస్తాల పక్కన ఒక బల్ల, దాని మీద కంప్యూటరు, పాత మోడెం బదులు పెట్టిన రెండు కొమ్ముల కొత్త రౌటరు.

"మా బావ విశాఖ నుంచి తెచ్చినాడండి. రెండు యాంటెన్నాలుంటే స్పీడు బాగా వత్తాదని షాపోలు సెప్పినారంట," అంది జానకి.

నాకు ఒళ్లు మండింది. ఆ కొమ్ములు ఇంటి లోపల గాలిలో సిగ్నల్ పంచడానికే. స్తంభం నుంచి వచ్చే తీగతో వాటికి ఏ సంబంధమూ లేదు. ఎక్స్ఛేంజికి దూరంగా ఉన్న ఇంటికి రౌటరు కొనేటప్పుడు, అది బలహీనమైన లైనును కూడా వదలకుండా పట్టుకుంటుందా, లైను బలాన్ని తన పేజీలో అంకెలతో చూపిస్తుందా, పెట్టెలో స్ప్లిట్టర్ ఇచ్చారా అని చూసుకోవాలి. ఎక్స్ఛేంజిలోని పరికరంతో ఏ రకం పొసుగుతుందో మావాళ్లను అడిగి కొంటే ఇంకా మంచిది. ఈ కొత్త రౌటరులో ఏ లోపమూ లేదు. మూలన పడేసిన పాతదానిలోనూ లేదు.

తీగ వెంట వెనక్కి నడిచాను. పాకలోకి వస్తున్నది బల్బులకు వాడే సన్నటి కరెంటు తీగ. తడి నేల మీదుగా పెరడు దాటి, పెంకుటింటి కిటికీ సందులోంచి లోపలికి పోయింది. స్తంభం నుంచి వచ్చే మా తీగ ముందు వైపు నుంచి అదే ఇంట్లోకి పోయింది. రెండూ లోపల ఎక్కడో కలిశాయి. కిటికీ పైన పెంకులు జారిపోయి ఉన్నాయి. ఆ జాయింటు వానకు తడుస్తోందని చెప్పడానికి ఇంజనీరే కానక్కర్లేదు.

తలుపు తీయమన్నాను. ఎవరూ కదల్లేదు. గుమ్మానికి అడ్డంగా ముళ్లకంప వేసి ఉండటం నేను అప్పుడే చూశాను. అప్పన్న నన్ను పక్కకు పిలిచాడు.

"తియ్యరండి మేడమ్. ఆయన పోయిన నచ్చత్రం మంచిది కాదంట. ఆర్నెల్లు ఇల్లు ముయ్యాలని పంతులుగారు సెప్పినారంట. నోపల అడుగెట్టకూడదండి."

తర్వాత సంగతి జానకి చెప్పింది. హడావిడిగా ఇల్లు మూసినప్పుడు కంప్యూటరూ మోడెమూ బయటికి తెచ్చుకున్నారు. బావ లోపలి లైనుకు ఈ తీగ ముడివేసి కిటికీలోంచి లాగాడు. ఫోను మాత్రం లోపలే, స్ప్లిట్టర్ లేకుండా నేరుగా లైనుకు తగిలి ఉండిపోయింది. పాకలో ఇంకో ఫోను పెట్టి చూస్తే, ఎత్తినప్పుడల్లా నెట్ పోతోందని తీసేశారు.

లోపలి ఫోను ఇప్పటికీ మోగుతుందా అని అడిగాను.

"రోజూ మోగుతాదండి. పరామర్శకి సుట్టాలెవరో సేత్తన్నారనుకుంటన్నాం. అది మోగితే నెట్టు పోతాది," అంది.

పని కష్టమైంది కాదు. పాక అదే ఆవరణలో ఉంది కాబట్టి నా అధికారంతోనే మార్పించవచ్చు. స్తంభం నుంచి పాకకు కొత్త తీగ లాగి, ఇంటి సంబంధం తెంపేస్తే సరిపోతుంది. ఆ మాటే అన్నాను. అంతవరకూ బస్తాలకు ఆనుకుని కూర్చున్న తల్లి లేచి వచ్చింది. కాళ్లు నీరు పట్టి ఉన్నాయి.

"ఆ ఫోను తెంపకండమ్మా. అది మోగితే ఆయన నోపలున్నట్టే ఉంటాది. ఎవులో ఆయన కోసం అడుగుతన్నట్టుంటాది. ఆర్నెల్లయ్యేదాకా ఉండనియ్యండమ్మా."

"అమ్మా, నా పని పోతాదే," అంది జానకి మెల్లగా.

నాకు విసుగొచ్చింది. ఆవిడ మొహం చూశాక అది నిలవలేదు. కాసేపు ఆలోచిస్తే దారి దొరికింది. అప్పన్న చేత స్తంభం దగ్గర ఇంటికి పోయే పాత తీగ విప్పించి, అక్కడి నుంచి కొత్త తీగ పాకకు లాగించి, స్ప్లిట్టర్ బిగించాను. దాని ఫోను నోటికి జీపులో ఉన్న ఫోను ఒకటి, దానితో పాటు ఇంట్లోకి పోయే ఆ బల్బు తీగా తగిలించాను. ఇక ఫోను పాకలోనూ మోగుతుంది, మూసిన ఇంట్లోనూ మోగుతుంది, నెట్ తెగదు. తల్లి మాటా కూతురి పనీ రెండూ దక్కాయనుకున్నాను.

రౌటరు దీపం నిలకడగా వెలిగింది. జానకి కంపెనీ సైటులోకి వెళ్లబోతే పాస్‌వర్డ్ చెల్లదని వచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. అలవాటు కొద్దీ నేను లైనునే అనుమానించి అంకెలు చూశాను. లైను బ్రహ్మాండంగా ఉంది. కంపెనీకి ఫోను చేయమన్నాను. ఉద్యోగంలోంచి తీసేస్తారన్న భయంతో ఆ పిల్ల అన్నాళ్లూ వాళ్లకు ఫోను చేయలేదు.

చేసింది. చాలాసేపు వింది. పెట్టేసి మాకు చెప్పింది. ఫైలు ఆలస్యమైనప్పుడల్లా వాళ్లు ఈ నంబరుకే చేశారట. మోగుతుందే గాని ఎవరూ ఎత్తలేదట. పని ఇష్టం లేక మానేసిందనుకుని ఆ సీటు వేరొకరికి ఇచ్చేశారట.

ఫైలు రాలేదని వాళ్లు ఫోను చేసేవారు. ఫోను మోగగానే నెట్ తెగేది. ఫైలు ఇంకా ఆలస్యమయ్యేది. వాళ్లు మళ్లీ చేసేవారు. నా సర్వీసు మొత్తంలో ఇంత దిక్కుమాలిన లోపం ఇంకొకటి చూడలేదు.

తల్లి కూతురి వైపు చూసింది. "ఇన్నాల్లూ మోగింది ఈల్లేనేటే?" అంది.

జానకి తల ఊపింది.

"అయితే తెంపెయ్యండమ్మా," అంది తల్లి నాతో. బల్బు తీగ నేనే ఊడదీశాను.

లోపం తీగలదే తప్ప అమ్మాయిది కాదని నా హోదా చెప్పుకుని కంపెనీకి ఫోను చేశాను. మర్యాదగా విన్నారు. మళ్లీ తీసుకోలేదు. జానకి కొన్నాళ్లకు పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి కుదిరిందని అప్పన్న చెప్పాడు. ఆ ఇల్లు తెరిచే నాటికి తల్లి బతికి లేదు.

బ్రాడ్‌బ్యాండ్ ఫిర్యాదు వస్తే మోడెం మీద ఏ దీపాలు వెలుగుతున్నాయో ముందు అడగాలని మాకు శిక్షణలో నేర్పారు. పదవీ విరమణ చేసేదాకా నా సిబ్బంది చేత నేను ముందు అడిగించినవి వేరే: మీ ఇంట్లో ఫోను ఏ గదిలో ఉంది, అది మోగితే ఎవరు ఎత్తుతారు. రౌటరు సంగతి ఆ తర్వాతే.