ఖాళీ బిందెతో ఎదురొచ్చే చాచా

మా పక్కింటి చాచా పోయారు. వీధి మలుపులో ఎస్టీడీ బూత్ నడిపే ఆయన చెప్పులు లేకుండా వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డప్పుడే ఏదో అయిందని నాకు తెలిసిపోయింది. హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చిందట. ఆఫీసులో కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారట, దవాఖానకు తీసుకుపోయేలోపే అంతా అయిపోయిందట. ఆ మాట చాచీకి చెప్పే ధైర్యం తనకు లేదు, నువ్వే చెప్పమన్నాడు. మా రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. ఆ గోడ పక్కనుంచి నడిచి వెళ్లడం ఆ రోజంత కష్టం నాకెప్పుడూ కాలేదు.

చాచా చేసే ఉద్యోగం ఏమిటో నల్లగొండలో మా వీధివాళ్లకు సరిగా తెలియదు. వారమంతా హైదరాబాదులో, గది నిండా ఉండే పెద్ద కంప్యూటరు దగ్గర పని. శనివారం సాయంత్రం బస్సుకు దిగేవారు. ఏం పని చాచా అని ఒకసారి అడిగితే, ఒక యంత్రంలో చాలా యంత్రాలున్నట్టు నమ్మించే పని అన్నారు. మా అవ్వ అది విని, అయితే గారడీ అన్నమాట అని తేల్చేసింది. చాచా కాదనలేదు.

తర్వాత తీరిగ్గా విడమరిచి చెప్పారు. పెద్ద యంత్రం లోపల కొన్ని ఉత్తుత్తి యంత్రాలను తయారుచేస్తారు. దేనికది తానే అసలు యంత్రాన్ననుకుని పని చేసుకుపోతుంది. పాత ప్రోగ్రాము తీసి కొత్తది వేయవలసి వస్తే చాచా ముందు దాన్ని ఒక ఉత్తుత్తి యంత్రంలో వేసి, కొన్నాళ్లు నడవనిచ్చి, కనిపెట్టి చూస్తారు. చెడితే అదొక్కటే చెడుతుంది, బయట ఎవరి పనీ ఆగదు. "అసలు మీద చెయ్యి వెట్టకు బేటా, ముందుగాల నకలు మీద చూడు" అనేది ఆయన నోట ఎప్పుడూ ఉండే మాట. ఇంట్లో కొత్త బియ్యం కొన్నా పిడికెడు వండి చూశాకే బస్తా విప్పనిచ్చేవారు. చాచీకి ఈ పరీక్షలంటే ఒళ్లుమంట. తనను చేసుకునే ముందు ఏ నకలు మీద చూశారో కనుక్కోమని నాతో అనేది.

ఆదివారం వస్తే మాత్రం ఆయన వేరే మనిషి. ఇత్తడి బిందె భుజాన పెట్టుకుని చందాలకు బయలుదేరేవారు. కాలు విరిగిన రిక్షా అతని కోసమో, కాలిపోయిన గుడిసెల కోసమో, పీర్ల పండుగనాడు పోసే షర్బత్ కోసమో, ఏదో ఒకటి ఉండేది. డబ్బా పట్టుకుపోతే అడుక్కోవడానికి వచ్చినట్టుంటుంది, బిందె అయితే నీళ్లకు వచ్చినట్టుంటుంది, నీళ్లకు వచ్చినవాణ్ణి ఎవరూ లేదు పొమ్మనరని ఆయన లెక్క. కాని ఖాళీ బిందె ఎదురొస్తే అపశకునం కదా. పనుల మీద బయలుదేరినవాళ్లు చాచాను చూసి గతుక్కుమని ఇంట్లోకి తిరిగిపోయి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్లీ బయటికి వచ్చేవాళ్లు. దీనికి అవ్వే ఒక దారి కనిపెట్టింది. చాచా ముందు మా గడపకు రావాలి, అవ్వ బిందెలో చెంబుడు నీళ్లు పోయాలి, ఆ తర్వాతే వీధిలోకి పోవాలి. అందుకే మా చాచా చందా నాణేలు గలగలమనేవి కావు, బుడుంగుమనేవి. నోట్లు ఇచ్చేవాళ్లు మాత్రం బిందె వంక ఒకసారి చూసి ఆయన జేబులోనే పెట్టేవాళ్లు.

అప్పట్లో నాకు దేవరకొండ వైపు ఒక చిన్న ఊళ్లో బడిపంతులు ఉద్యోగం. ఆ ఊరికి ఉన్నది ఒక్కటే చేదబావి, అదీ ఊరికి దూరంగా. ఎండాకాలం బురదనీళ్లే దిక్కు. నందికొండ దగ్గర కృష్ణమ్మను ఆపి అంత పెద్ద డ్యాము కట్టారు గాని, ఆ నీళ్లు పల్లానికి పోతాయి, మా మెట్టకు ఎక్కవు. ఒక ఎండాకాలంలో నీళ్లు తోడబోయి ఒక ముసలామె బావిలో పడి చచ్చిపోయింది. ఆ సంగతి చాచాకు నేనే చెప్పాను. ఆయన అన్నం ముందు కూర్చుని ఉన్నారు. కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. పీర్ల పండుగలోపల ఆ ఊరికి బోరు పడాలె అన్నారు.

ఆ చందాకు బయలుదేరిననాడు అవ్వ జ్వరంతో మూసిన కన్ను తెరవకుండా ఉంది. చాచా మా గడప దగ్గర కాసేపు నిలబడి, ఆమెను లేపవద్దని చెప్పి, ఖాళీ బిందెతోనే వీధిలోకి వెళ్లిపోయారు. ముసలామె కథ విని జనం కదిలిపోయారు. ఎప్పుడూ రానంత చందా వచ్చింది. పొడి బిందెలో నాణేలు గలగలమంటూ మా ఇంటి ముందు నుంచి పోతుంటే, లోపల మంచం మీద నుంచి అవ్వ అడిగింది.

"నీళ్లు వోసిన్రా?"

శకునాలు నేను నమ్మను. నమ్మవద్దని పిల్లలకు చెప్పి జీతం తీసుకునేవాణ్ణి. అయినా ఆ గలగల ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు.

బోరు లారీ వచ్చింది. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచి నీళ్ల జాడ చెప్పే ఆయన మా బడి పక్కనే జాగా చూపించాడు. చాలాసేపు నీళ్లు పడలేదు. తెల్లటి రాతిపిండి లేచి ఇళ్ల కప్పులను, చెట్లను, మా మొహాలను కమ్మేసింది. లారీవాళ్లు చాలించుకుందామంటే, ఇంకా లోతుకు పోనియ్యమని చాచాయే పట్టుబట్టారు. చివరికి నీళ్లు ఎగజిమ్మాయి. పిల్లలు తడిసి కేకలు పెట్టారు. ఊరి పెద్దమనిషి దోసిట పట్టి తాగి, తియ్యగున్నయి అన్నాడు. ఆ నీళ్లకు జరిగిన పరీక్ష అంతే. పిడికెడు బియ్యాన్ని కూడా వండి చూడనిదే నమ్మని మనిషి, ఆ రోజు ఆనందంతో కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డారు. ఆ వారమే గొర్లు కాసే ఒకాయనకు ఆడపిల్ల పుడితే గంగ అని పేరు పెట్టారు. చాచా ఆ పసిదాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆ నీళ్లలో వేలు ముంచి దాని పెదవుల మీద ఒక చుక్క వేశారు. ఊరు ఆ బోరుకు చాచా బోరు అని పేరు పెట్టుకుంది.

తర్వాత కొన్నేళ్లు అంతా సుఖంగానే ఉంది. అదే నాకు ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తుంది.

పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చే ఈడు పిల్లలు నవ్వితే పళ్ల మీద పసుపుపచ్చని చారలు కనిపించడం మొదలైంది. పళ్లు తోమరా మీరు అని తిట్టి, వేపపుల్లలు తెప్పించి పంచాను. చారలు మచ్చలయ్యాయి. ఆ తర్వాత పెద్దవాళ్లను వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పకుండా మనిషి మొత్తం తిరగడం చూశాను. గంగ నడుస్తుంటే మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకునేవి. అప్పుడు గాని నీళ్లను సీసాలో పట్టి పరీక్షకు పంపాలని తోచలేదు. నీళ్లలో ఫ్లోరైడు ఉంది, అదే పళ్లనూ ఎముకలనూ పట్టిందని పరీక్ష చేసినవాళ్లు అన్నారు. మా నేలలో లోతుకు పోయినకొద్దీ అది ఎక్కువని, బురదైనా ఆ పాత బావి నీళ్లే నయమని చెప్పారు.

శనివారం చాచా బస్సు దిగగానే చెప్పాను. చేతిలోని సంచి కింద పెట్టి, బస్టాండులో సిమెంటు దిమ్మ మీద కూర్చుండిపోయారు.

"మిషన్‌కు నకలు చేసి చూసిన. ఊరికి చూడకపోతి. బొక్కలల్ల వడ్డదాన్ని తీసేసే ఫ్లాపీ యాడ దొరుకుతది బేటా?"

మర్నాడే ఇద్దరం ఆ ఊరికి పోయాం. చాచా బోరు పిడి విప్పేసి, తాగవద్దని గుర్తుగా పంపుకు ఎర్ర రంగు పూసి, జనాన్ని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పారు. తప్పు తనదేనని కూడా చెప్పారు. అందరూ చేతులు కట్టుకుని మర్యాదగా విన్నారు. మరుసటి ఆదివారం వెళ్లేసరికి పంపుకు కొత్త పిడి ఉంది. కమ్మరితో చేయించారట. ఎర్ర రంగు మీద పసుపు రాసి బొట్లు కూడా పెట్టారు. గంగ వాళ్ల తాత ముందుకు వచ్చి చాచా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్విచ్చిన నీళ్లల్ల ఇసముంటదా చాచా? నీ మనసు మాకు తెల్వదా?"

అని, చెంబు నిండా ఆ నీళ్లే తెచ్చి ఇచ్చాడు. ఇచ్చిన నీళ్లు కాదంటే మనిషిని కాదన్నట్టే. చాచా చెంబెత్తి కింద పెట్టకుండా తాగారు. తర్వాత ఎన్నిసార్లు ఆ ఊరికి పోయినా ఎవరో ఒకరు చెంబు తెచ్చేవారు, ఆయన తాగేవారు. ఆయన ఆ ఊరికి శత్రువై ఉంటే బాగుండునని నాకప్పుడు అనిపించింది. శత్రువు ఇచ్చిన నీళ్లనైతే జనం అనుమానిస్తారు.

చాచా మళ్లీ బిందె ఎత్తుకున్నారు. ఈసారి పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు పోయేలా నీళ్లు తేర్చే తొట్ల కోసం. అవ్వ చెంబు తర్వాత చెంబు పోసి బిందె నింపేసింది, మోయలేక చాచా ఒరిగిపోతుంటే కూడా ఆపలేదు. తొట్లు బడిలో కట్టించాం. నా కళ్ల ముందు పిల్లలు ఆ నీళ్లు తాగేవారు, ఇంటికి పోయి చాచా బోరు నీళ్లు తాగేవారు. తొట్ల నీళ్లు చప్పగా ఉంటాయట.

ఈ మధ్య చాచా ఇంటికి రావడమే తగ్గింది. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పి ఆగిపోతాయని పేపర్లు రాస్తున్నాయి కదా, ఆ మరమ్మతు పనిలో ఉండేవారు. పోయిన నెల వచ్చినప్పుడు, ప్రపంచం మునుగుతుందా చాచా అని నవ్వులాటకు అడిగాను. ఆయన నవ్వలేదు.

"తారీఖు తెలిసిన ఆపదకు ఫికర్ లేదు బేటా. సప్పుడు చెయ్యకుండ తియ్యగ వచ్చేదానికే భయపడాలె."

ఆ తారీఖు ఇంకా రానే లేదు. చాచా వెళ్లిపోయారు.

ఖబరస్తాన్‌లో చాచాను దించాక మేమందరం తలా పిడికెడు మట్టి వేశాం. మట్టి సర్దాక పైన నీళ్లు చల్లడం వాళ్ల ఆనవాయితీ. నీళ్ల కోసం చూస్తుంటే గేటు ముందు ట్రాక్టరు ఆగింది. ఆ ఊరివాళ్లు. ఆడవాళ్లు లోపలికి రాకూడదని గంగ గేటు దగ్గరే ఆగింది. బడి వదిలేసే ఈడొచ్చింది దానికి. చంకలో నిండు బిందె. ఆ మోకాళ్లతో ట్రాక్టరు నుంచి గేటు దాకా ఒక్క చుక్క ఒలకకుండా తెచ్చింది. నన్ను చూసి ఏడుపు ఆపుకుని నవ్వబోయింది. ఆ పళ్లు చూడలేక నేను బిందె అందుకున్నాను.

"చాచా బోరు నీళ్లు సారూ" అంది.

లోపలికి తీసుకుపోయి ఇచ్చాను. చాచా మీది మట్టి ఆ నీళ్లను చల్లినవి చల్లినట్టే పీల్చేసుకుంది. బిందె తిరిగి తెచ్చి ఇస్తే అడుగున కొన్ని మిగిలాయి. చాచా నీళ్లు పారబోయకూడదని వాళ్లమ్మ చెప్పిందట. నేను వద్దనేలోపే గంగ మెడ వంగక నడుము వెనక్కి వంచి, బిందె ఎత్తి గటగటా తాగేసి, మూతి తుడుచుకుంది. తర్వాత ఖాళీ బిందె చంకన పెట్టుకుని, మేమందరం బయటికి రావలసిన ఆ ఒక్క గేటులో నిలబడింది.