గడియ లేని తలుపు

తెల్లదొరల జైల్లో ముప్పై ఏళ్లు వార్డరుగా చేసి, పింఛను పుచ్చుకుని రాయచోటిలో మా ఎదురింట్లో దిగాడాయన. దిగిన రోజే వీధి తలుపుకున్న గడియ ఊడబీకించాడు. మాట్లాడుతుంటే కుడిచెయ్యి మాటిమాటికీ నడుము దగ్గర లేని తాళాల గుత్తిని తడుముకునేది.

"దొంగల భయం లేదా మామా?" అని ఒకసారి అడిగాను.

"దొంగలతోనే గదప్పా బతికింది. నా భయం వాళ్లతో కాదు," అని లేచి లోపలికి వెళ్లిపోయాడు.

ఆయన పోయిన రోజు గాలిదుమ్ము లేచింది. శవం మీద దుమ్ము పడుతోందని నేను తలుపు మూయబోయాను. ఆయన భార్య వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దప్పా. ఉరికి పోయేవాళ్లను గదిలో పెట్టి తలుపేసింది ఈ మనిషే. తలుపు చప్పుడైతే నిద్దరలో కూడా లేచి కూసుంటాడు. ఈపొద్దన్నా పండుకోనీ."