అత్త కంటి కింద అదృష్టం

మా చిన్నప్పుడు... పామర్రులో మా ఇంటికి ఎవరొచ్చినా ముందు సుగుణత్త మొహంకేసే చూసేవారు. నాన్నకి చెల్లెలు. ఎడమ కంటి కింద, రెప్పకి ఆనుకుని, పుట్టుకతోనే చింతగింజంత నల్లమచ్చ ఆవిడకి.

నాయనమ్మకి అదంటే ఎంత గర్వమో! దేవుడే దిష్టిచుక్క పెట్టి మరీ పంపాడని ఊరంతా చెప్పుకునేది. పరీక్షల రోజు పిల్లలందరం వరసగా వచ్చి ఆ మచ్చని ముట్టుకుని వెళ్లేవాళ్లం. లెక్కల్లో నాకెప్పుడూ అత్తెసరు మార్కులే... అది వేరే సంగతి.

అత్తకి టీచరు ఉద్యోగం వచ్చిన ఏడాదే మచ్చ పెరగడం మొదలైంది. ఇంకేముంది... అదృష్టం పెరుగుతోందని ఇంటిల్లిపాదికీ సంబరం.

అత్త మాత్రం సంబరపడలేదు. అద్దం ముందు నిలబడి, మచ్చ మీద బొట్టుబిళ్ల పెట్టి చూసుకునేది. మొదట్లో బిళ్ల కింద దాగిన మచ్చ, నాలుగు నెలలకి చుట్టూ బయటికొచ్చింది. ఓ రోజు మొహం తుడుచుకుంటే తువాలుకి రక్తం అంటింది. బెజవాడ వెళ్లి చూపించుకుంటానంది. కలిసొచ్చిన మచ్చని కోయించుకుంటావా, కంటి దగ్గర కత్తి పెట్టిస్తావా అని నాయనమ్మ లబోదిబోమంది.

అత్త గొంతు పెంచలేదు. "అదృష్టం పెరిగితే రక్తం కారుద్దా అమ్మా?" అంది. చెప్పులేసుకుని బస్సెక్కింది.

అక్కడ చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. మెలనోమా అన్నారు... చర్మానికొచ్చే క్యాన్సర్లలో చాలా చెడ్డది. పుట్టుమచ్చలోంచి కూడా వస్తుందని మాకు అప్పుడే తెలిసింది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే కన్నే కాదు, మనిషే దక్కేది కాదట. మచ్చతోపాటు కింది రెప్ప కొంత తీసేసి, చెవి వెనక చర్మం తెచ్చి అతికారు.

కొన్ని వారాలకే బడికి వెళ్లిపోయింది మా అత్త! కన్ను కాస్త కిందికి లాగినట్టుండేది. పిల్లలు అడిగితే ఏదీ దాచకుండా చెప్పేది. అంత ధైర్యం నేను మళ్లీ ఎవరిలోనూ చూడలేదు. ఏళ్ల తరబడి చెకప్‌లకి తిరిగింది, మొన్నీమధ్యే రిటైరైంది, నిక్షేపంగా ఉంది.

నాయనమ్మే చాలాకాలం కుదుటపడలేదు. ఓ మధ్యాహ్నం అత్తకి తల దువ్వుతూ ఏడ్చేసింది. "నిన్ను తినేదాన్ని చూసి ఇన్నేళ్లూ మురిసిపోయానే తల్లీ..."

అత్త వెనక్కి తిరిగి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నువ్వు మురిసింది మచ్చని చూసి కాదులేమ్మా... నన్ను చూసి."

ఇప్పుడు ఒంటి మీద ఏ మచ్చ రంగు కాస్త మారినా చాలు, ఫొటో తీసి డాక్టరుకి పంపిస్తున్నాం. మంచిదే, పంపించాలి కూడా. కానీ మన మొహం చూసి ఊరికే మురిసిపోయే మనుషులే తగ్గిపోయారు... మీ ఇంట్లో అలా మిమ్మల్ని చూసి మురిసిందెవరండీ?