మార్తమ్మ పళ్లు, గౌరమ్మ చుట్ట

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది. విజయనగరంలోని నా చిగుళ్ల క్లినిక్‌కి పొందూరు నుంచి మార్తమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, ఖద్దరు నూలు వడుకుతుంది. ఆటో బోల్తాపడి ముందరి పై పళ్లు రెండు పోతే ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలో టైటానియం మరలు బిగించి వాటిపై నిలిపే పళ్లు, వేయించుకుంది. ఇప్పుడు వాటి చుట్టూ చీము. పళ్లయితే ఇంకా కదలడం లేదు గానీ, ఎక్స్‌రేలో ఎముక సగానికి కరిగిపోయింది. దీన్ని పెరి-ఇంప్లాంటైటిస్ అంటాం.

"సర్చిలో పాట ఎత్తేది నానే. ఇవి ఊడిపోతే మాట తిన్నగా పలకదు. ఎలాగైనా కాపాడు తల్లీ" అంది.

అంగిలి చూస్తే తెల్లగా మందం కట్టి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. మా జిల్లాల డెంటిస్టుకి అంతకన్నా ఆనవాలు అక్కర్లేదు. అడ్డపొగ! నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం.

"చుట్ట కాలుస్తారా అమ్మా?"

"సుట్టేటి? ఎప్పుడో మానీసినాను."

తోడొచ్చిన పక్కింటి గౌరమ్మ ఊరుకుంటేనా? "అబద్దాలాడకే. పొద్దున్న బస్సెక్కే ముందు ఇద్దరం కాల్సినాం కాదేటి!"

నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. పొగ తగిలితే కుట్టిన చిగురు మానదు, మానేస్తేనే ఆపరేషన్ అని తేల్చి చెప్పాను.

"వడికినప్పుడు ఇది పక్కన ముట్టిస్తాది. ఆ వాసనకి నాను ఆగగలనా?" అంది మార్తమ్మ, గౌరమ్మని చూపిస్తూ. నేను ఆశ వదిలేసుకున్నాను. కేన్సర్ బొమ్మలు చూపించి ఎంతమందిని భయపెట్టానో, మానినవాళ్లు మాత్రం బహు తక్కువ.

నెల దాటాక మళ్లీ వచ్చింది. నోట్లో పొగ వాసన లేదు. చిగురు కోసి పైకెత్తి, పాడైన కండ గీకేసి, టైటానియం మరల సందులు శుభ్రం చేశాను. గుంటలో బోన్ గ్రాఫ్ట్, అంటే ఎముక పొడి, నింపి, పైన పల్చటి పొర కప్పి కుట్లు వేశాను. నా చేతిలో ఉన్నది అంతవరకే.

ఆరు నెలల తర్వాత తీసిన ఎక్స్‌రేలో గుంట చాలామటుకు పూడింది. చీము లేదు. నా సంతోషం పట్టలేక "మీ పట్టుదలే నిలబెట్టిందమ్మా" అన్నాను.

"నాకేటి సెప్తావు, దీనికి సెప్పు" అని గౌరమ్మని ముందుకు లాగింది. "మొదట నీకాడికొచ్చిన రోజే బస్టాండులో సుట్టల కట్ట పారీసినాది. మరి ముట్టుకోనేదు."

గౌరమ్మ సిగ్గుపడిపోయింది. "నాను సర్చికెల్లే మనిషిని కాదమ్మా. అయినా ఆదివారం దీని పాట మా పెరట్లోకి ఇనబడాల. నేకపోతే నాకు తోసదు."

ఇప్పుడు చుట్ట కాల్చేవాళ్లెవరొచ్చినా, పక్కన కూర్చుని కాల్చేదెవరని అడిగి, వాళ్లనీ లోపలికి పిలుస్తున్నాను. అది నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. నోట్లో ఒక్క ఇంప్లాంటు కూడా లేని మనిషి, పక్కింటామె పళ్ల కోసం జన్మంతా కాల్చిన చుట్ట వదిలేసింది. ఆ రోజు కుర్చీలోంచి లేచి గౌరమ్మకి దణ్ణం పెట్టాను.