వాకిట్లో వంటావార్పు

కింద సెల్లారులో సిమెంటు నేల మీద ఇనుప గొలుసు ఈడుస్తున్న చప్పుడైతే చాలు, నా ముక్కుకు బగారన్నం వాసన తగులుతుంది. ఆ రెండింటికీ ఏం సంబంధమని మా ఆయన నవ్వుతాడు. ఆయన జనగామలో మా కిరాయి ఇంటిని చూడలేదు, ఖైరున్నీసా ఖాలానూ చూడలేదు.

తెలంగాణ కోసం ఊరూవాడా రోడ్డెక్కిన రోజులవి. నేను సర్కారు బడిలో కొత్త టీచర్ని. అమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. దవాఖానకు తీసుకుపోవాలంటే నా స్కూటరే దిక్కు. మెట్లెక్కే పనిలేని ఆ కింది వాటా దొరకడమే మా అదృష్టం. పక్క వాటాలో ఖాలా బట్టలు కుట్టేది. అమ్మకు చెల్లెలు లేని లోటు ఆవిడే తీర్చింది, అందుకే నాకు ఖాలా, అంటే పిన్ని, అయింది. పైన ఉండే ఇంటి యజమానికి బచ్చన్నపేట వైపు భూములున్నాయి. అందరూ పటేలా అనేవారు. ఊరేగింపుల్లో ఎప్పుడూ ముందు వరుసలోనే ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఆశ మాత్రం కాస్త ఎక్కువ.

సమ్మెతో మా జీతాలు ఆగిన నెలలోనే ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. ఒక పొద్దున లేచి చూస్తే నా స్కూటరు చక్రానికి గొలుసు, దానికి తాళం.

"గేటు లోపలి జాగ నాది. బండి పెడితే దానికి అలగ్ కిరాయి ఇయ్యాలె. లేకుంటె ఇల్లు ఖాళీ చెయ్యిన్రి" అన్నాడు పైనుంచే.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పోలీస్ ఠాణాకు పోతానని చెప్పులేసుకున్నాను. ఖాలా నా చెయ్యి పట్టుకుంది.

"జర ఆగు బేటీ. ఠాణాకు పోయినంక మల్ల గీ గేట్లకెళ్లే గద రావాలె?"

అప్పట్లో జనం నిరసనగా నడిరోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండుకొని, కలిసి తినేవారు. వంటావార్పు అనేవాళ్లం. ఖాలా సరిగ్గా నా స్కూటరు పక్కనే మూడు రాళ్లు పెట్టి బగారన్నానికి పెద్ద డేగిశ ఎక్కించింది. గల్లీలో ఒకరు బియ్యం తెచ్చారు, ఒకరు ఉల్లిగడ్డలు కోశారు. అమ్మ కుర్చీలో కూర్చొని పుదీనా తుంచింది. పొగ పై అంతస్తుకు చేరేసరికి పటేలు దిగివచ్చాడు.

"ఏందిది ఖైరున్నీసా, నా వాకిట్ల?"

"వంటావార్పు పటేలా. నిన్న చౌరస్తాల నువ్వు జేసిందే. కూసో, మొదటి పళ్లెం నీదే."

నిన్న చౌరస్తాలో అందరితో కలిసి తిన్నవాడు ఇవాళ సొంత వాకిట్లో కాదనలేడు గదా! కూర్చున్నాడు. అన్నం నోట్లో ఉండగా ఎవరూ అబద్ధమాడలేరని ఖాలా నమ్మకం. ఆయన రెండో ముద్ద పెట్టుకునే దాకా ఆగి, మెల్లగా అడిగింది.

"వీళ్లతోని కిరాయి మాట్లాడిననాడు వాకిలిని కలిపే మాట్లాడినవా, లేదా?"

ఆయన చాలాసేపు నమిలాడు. అమ్మ మోకాళ్ల వైపు చూశాడు. "కలిపే మాట్లాడిన" అని, ఎడమ చేత్తో జేబులోంచి తాళంచెవి తీసి నాకిచ్చాడు. నేను గెలిచినట్టు గంతులేయబోతుంటే ఖాలా కళ్లురిమింది. ఆయన పళ్లెంలో ఇంకో గరిటె వడ్డించి, తర్వాత నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "ఓడినోన్ని ఆకలితోని పంపొద్దు బేటీ."

ఖాలా పోయి చాలా ఏళ్లయింది. అమ్మ తర్వాత నేను అంతగా ఏడ్చింది ఆవిడ కోసమే. పోట్లాడటం నాకు పుట్టుకతోనే వచ్చు. పోట్లాడాక కూడా ఆ మనిషి ముఖం చూడగలగడం మాత్రం ఆవిడ నేర్పిందే.

ఇవాళ కింద గొలుసు పడింది రెండో అంతస్తులో కిరాయికి దిగిన పిల్లల బండికి. మా అపార్ట్‌మెంటులో కిరాయిదారులకు మాత్రమే పార్కింగ్ రుసుమట. నాకిక్కడ సొంత ఫ్లాటుంది, నన్నెవరూ అడగరు. అయినా బియ్యం కడిగి పెట్టాను. ఆ పిల్లలు డేగిశ కిందికి మోస్తామన్నారు. మొదటి పళ్లెం, గొలుసు వేయించిన మా అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శిగారికే.