పడ్డాను

కళ్లజోళ్ల షాపులో పనిచేసే అక్క ఫోన్ చూసే ముందు దాన్ని కూడా కళ్లద్దంలాగే మెత్తటి గుడ్డతో తుడుస్తుంది. చిన్ననాటి గెంతులాట వీడియో గేమును ఇప్పటికీ ఆడేవాళ్ల వాట్సాప్ గ్రూపుకి ఆమే పెద్దదిక్కు. ఆటలో గుంటలో పడినవాళ్లు గ్రూపులో ‘పడ్డాను’ అని రాస్తారు. ఎవరు రాసినా ‘లే నాన్నా, మళ్లీ గెంతు’ అని ఓపిగ్గా జవాబిస్తుంది. ఆ ఉదయం, రిటైరైన బస్సు డ్రైవరు బాబాయి ‘పడ్డాను’ అన్నాడు. ‘ఆ గుంటలో ఇల్లు గానీ కట్టుకున్నారా బాబాయ్?’ అని ఒకడు వేళాకోళమాడాడు. అక్క కూడా ‘లేవండి బాబాయ్, మళ్లీ గెంతండి’ అని పంపేసింది. పంపాక గుడ్డ పట్టిన చెయ్యి ఆగిపోయింది. బాబాయి ఎప్పుడూ ఏ గుంటో చెప్పి, దాన్ని నాలుగు తిట్లు తిట్టిగానీ ఊరుకోడు; ఇవాళ ఒక్క మాటే. ఫోన్ చేస్తే చాలాసేపటికి ఎత్తాడు.

“ఎక్కడ బాబాయ్?”

“స్నానాలగదిలోనమ్మా. చేతిలోని ఫోన్లో గ్రూపే తెరిచి ఉంటే అందులోనే రాశాను. గెంతడం నావల్ల కాదు గానీ, ఎవరినైనా పంపు తల్లీ.”

బాబాయి ఇల్లు పక్క వీధే. చెప్పులు మరిచి పరుగెత్తింది. పక్కింటివాళ్ల సాయంతో ఆయన్ని లేపి కూర్చోబెట్టేదాకా ఆమె నోట దేవుడి పేరు తప్ప మరో మాట లేదు. కాలు బెణికింది, అంతే.

ఇప్పుడు ఎవరు ‘పడ్డాను’ అన్నా అక్క ముందు ‘ఎక్కడ?’ అని అడుగుతుంది. ‘గుంటలోనే అక్కా’ అని జవాబు వచ్చేదాకా, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తూ ఉంటుంది.