మూడు దారుల్లో వచ్చిన పుకారు

మా అన్నయ్య రైల్వేలో గూడ్సు పెట్టెల్ని పరీక్ష చేసే ఉద్యోగంలో రిటైరయ్యాడు. పెట్టె బాగుంటే ఫిట్, లేకపోతే సిక్. సిక్ అని రాశాడంటే అది పక్క లైనులో పడి ఉండాల్సిందే. ఉద్యోగం అయిపోయినా తీర్పులివ్వడం మాత్రం మానలేదు. సాయంత్రమయ్యేసరికి, ఈ బెంగాలీల ఊళ్ళో సుభాష్‌పల్లి పేటలో తను కట్టుకున్న ఇంటి వరండాలోకి ట్రాఫిక్ కాలనీ నుంచి పాత స్నేహితులు చేరతారు. ఫోన్లలో వచ్చిన రాజకీయ పుకార్లు ఒక్కొక్కటే ఆయన ముందుకొస్తాయి. ఓట్ల మిషన్లని గూడ్సు బండిలోనే మార్చేశారట. ఫలానా నాయకుడు ఎప్పుడో పోయాడట, ఇప్పుడు తిరుగుతున్నది అతని పోలికలున్న ఇంకెవరోనట.

అన్నయ్య అడిగేది ముందు ఒకటే. ఇది నిజమైతే ఎంతమంది నోరు మూసుకోవాలి? బండిలో మిషన్లు మారాలంటే డ్రైవరు, గార్డు, సిగ్నల్ కేబిన్‌లో ఉన్నవాడు, దించే కూలీలు, అందరూ గప్‌చుప్‌గా ఉండాలి. గార్డు ఇలస చేప కొంటే సాయంత్రానికి యార్డంతా చెప్పుకునే ఊరు మాది. అంచేత సిక్. నలుగురు గదిలో కూర్చుని చేసుకోగలిగిన కుట్రయితే అప్పుడు రెండో పరీక్ష. ఒకరితో ఒకరికి పడని మనుషుల నోట అదే మాట రావాలి. నేను ఇదే ఊళ్ళో, ఇందా అనే పేటలో స్కూలు టీచర్ని. పై తరగతి పిల్లలకి కూడా ఇదే పద్ధతి చెప్పేదాన్ని, అంత నమ్మకం నాకు దాని మీద.

అలాంటి మనిషి పోయిన చలికాలం ఇల్లు అమ్మేస్తానన్నాడు.

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. కాదు. బయట కొట్టుకు చస్తున్న రెండు పార్టీలూ లోపల లోపాయికారీగా ఒక మాట మీదికి వచ్చాయట. రైల్వే స్థలాలూ, వాటి చుట్టూ ఉన్న పేటలూ ఒక పెద్ద కంపెనీకి పోతాయట. ముందు ఖాళీ చేయించేది తెలుగువాళ్ళనేనట, మన తరఫున బంద్‌కి పిలుపిచ్చే నాథుడు లేడు గనక. ఇది నలుగురికి తెలిస్తే చాలు అన్నాడు అన్నయ్య. పైగా ముగ్గురు స్నేహితులు వేర్వేరుగా తెచ్చారు. ఒకడిది ఈ పార్టీ, ఇంకొకడిది ఆ పార్టీ, మూడోవాడు ఓటే వెయ్యడు. ముగ్గురిదీ ఒకటే మాట. కాబట్టి ఫిట్. ఇల్లు అమ్మి శ్రీకాకుళం అవతల వదిన వాళ్ళ ఊళ్ళో చిన్న ఇల్లు కొనుక్కుంటాడట.

నాకు ఒళ్ళు మండింది. అన్నయ్య పుట్టింది ఇక్కడ. ఆంధ్రాకి పెళ్ళిళ్ళకి వెళ్తే ఈయన మాట్లాడే దాంట్లో సగం హిందీ, పావు బెంగాలీ అని అక్కడివాళ్ళు నవ్వుతారు. అక్కడికెళ్ళి ఏం చేస్తాడు? అసలు సంగతి, ఈ ఊళ్ళో నాకు పుట్టింటి మనిషంటూ మిగిలింది ఆయనొక్కడే. మా ఆయన పోయాక నేను నిలబడింది ఆ వరండా చూసుకునే. ఎంత వాదించినా వినలేదు. వదిన గుమ్మంలో నిలబడి అంతా విని, ఆయన ఎవరి మాట వింటారు గనక అనేసి లోపలికి వెళ్ళిపోయింది.

మార్గశిర లక్ష్మివారాలకి వదిన ఇంట్లో పూజ చేస్తుంది. కాలనీ ఆడవాళ్ళంతా వస్తారు. స్కూలు వల్ల నేను ఏనాడూ వెళ్ళలేదు. ఆ గురువారం కావాలనే సెలవు పెట్టి వెళ్ళాను. ఆ ముగ్గురు మగాళ్ళ భార్యలూ అక్కడే ఉంటారు, ఈ చెత్త ఎక్కడ పుట్టిందో నిలదీసి కనుక్కుందామని. వంటింట్లో వాళ్ళని అడిగాను, మీ ఆయనకి ఈ మాట ఎవరు చెప్పారని. మొదటావిడ రెండో ఆవిడని చూసింది. రెండో ఆవిడ మూడో ఆవిడని చూసింది. వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నారు.

వదిన పరమాన్నం కలుపుతూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"నానే."

అక్కడే పీట లాక్కుని కూర్చున్నాను. మిగతాది వాళ్ళే చెప్పారు. ముసలితనంలో తన అక్క పక్కన, పుట్టిన ఊళ్ళో ఉండాలని వదిన కోరిక. అన్నయ్యతో ఎన్నోసార్లు చెప్పింది. ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా చూద్దాంలే అనేవాడు. ఇక లాభం లేదని అంతకు ముందేడు ఇదే పూజలో అందరూ కలిసి ఈ కథ కట్టారు. ముగ్గురు ఆడవాళ్ళు ముగ్గురు మొగుళ్ళకి అన్నం వడ్డిస్తూ అందించారు. మొగుళ్ళు ఎవరికి వాళ్ళు తామే పట్టుకొచ్చిన వార్తలా వరండాలో పెట్టారు. ఏడాదిగా ఇది కాలనీలో ప్రతి వంటింటికీ తెలుసు. ఒక్క నోరు జారలేదు. డ్రైవర్నీ గార్డునీ కూలీలనీ లెక్కేసిన మా అన్నయ్యకి ఇంట్లో అన్నం పెట్టే మనుషులు లెక్కలోకే రాలేదు. నాకూ రాలేదు. ఆడదాన్నయ్యుండి నాకూ రాలేదు, అదీ నన్ను కొట్టిన దెబ్బ.

వదిన పొయ్యి ఆపి నా ఎదురుగా కూర్చుంది.

"ఈ ఊరు నాకేటీ సెడ్డ సెయ్యనేదమ్మా. ఐతే ఇక్కడికొస్తానని నాను సెప్పనేదు, మీవోల్లే పెళ్ళి సేసి తెచ్చినారు. ఎల్తానని నోరిప్పి సెప్పినాను, ఆయన ఇన్నేదు. మగోల్ల నోట వొస్తే ఇన్నాడు. నువ్వు సెప్పీసినా నాను తప్పట్టుకోను."

మర్నాడు సాయంత్రం స్కూలు నుంచి నేరుగా అన్నయ్య దగ్గరికే వెళ్ళాను. చెప్పేద్దామనే. ఒక్క మాట చెబితే ఇల్లు ఉంటుంది, అన్నయ్య ఉంటాడు. వరండాలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గొంతు తగ్గించాడు.

"నా బెంగంతా మీ వదిన గురించేనమ్మీ. దానికి ఈ రాజకీయాలేటీ తెల్దు. ఇన్నాళ్ళు బతికిన ఊరు ఇడిసి ఉండగలదేటి?"

అంత ప్రేమగా, అంత గుడ్డిగా అడిగాడు. ఈ మనిషితో ఆవిడ ఒక జన్మంతా ఎలా మాట్లాడిందో అప్పుడు తెలిసింది.

"ఉండగలదు అన్నయ్యా" అన్నాను.

మాఘంలో ఇల్లు చేతులు మారింది. వాళ్ళు వెళ్ళిన రోజు స్టేషన్లో అన్నయ్య ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. వదిన కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, బండి కదిలేదాకా వదల్లేదు. కానీ ఆవిడ చూపు మాత్రం ఇంజను ఉన్న వైపే ఉంది.